నూట ఏడో ఆప్షన్ వాడిన ఒకే ఒక్కరు

1991వ సంవత్సరం జూన్ నెల పదవ తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, అప్పట్లో మన సంస్థ అద్దెకుండిన రెండు గదుల మేడలో, ఒక కాలు పొట్టిదైన బల్ల ముందు, ఇరవై నాలుగేళ్ళ వయసులో ప్రోగ్రామరుగా బాధ్యతలు స్వీకరించి, ముప్పై నాలుగు సంవత్సరాల నాలుగు నెలల ఇరవై ఒక్క రోజుల నిరంతర సేవానంతరం ఈ అక్టోబరు ముప్పై ఒకటవ తేదీన పదవీ విరమణ చేస్తున్న, చిన్నా పెద్దా అందరూ ‘అక్కయ్యగారు’ అనే పిలుచుకునే మన ప్రధాన సాంకేతిక నిపుణురాలిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయవలసిందిగా సంచిక సంపాదకవర్గం ఈ వ్యాసకర్తను ఆదేశించింది. ఇటువంటి సంచికల్లో రాసేవారు తమను తాము ‘ఈ వ్యాసకర్త’ అని చెప్పుకోవడం మర్యాద. ఇతనికి మాత్రం అది మర్యాదను మించిన అవసరం. ‘నేను’ అని రాయడానికి మొహం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో ముందు ముందు తెలుస్తుంది.

ఆమె చేరిన నాటికి మన సంస్థ ఇతర ప్రోగ్రామర్ల కోసం తెరమీద కిటికీలు, బొత్తాలు, జాబితాలు, నింపుకునే గడులు గీసిపెట్టే లైబ్రరీని, అంటే వాళ్ళు తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడ్ సంపుటిని, తయారుచేస్తూ ఉండేది. ఇప్పటికీ అదే చేస్తోంది. ఆ రోజుల్లో అక్షరం ఎంత ఉండాలి, వెనక ఏ రంగు పడాలి, మౌసు రెండు నొక్కుల మధ్య ఎంత వ్యవధి ఇవ్వాలి అన్నవన్నీ ప్రోగ్రాం పొట్టలోనే రాసి మూత బిగించేవారు. ఏ క్లినిక్‌లోనో రిసెప్షన్‌లో కూర్చున్నావిడ నీలం మీద నల్ల అక్షరాలు కనపడి చావడం లేదని మొత్తుకుంటే, ఇక్కడ ఒక్క అంకె మార్చి, మొత్తం ప్రోగ్రాంను మళ్ళీ కట్టి, ఫ్లాపీల్లో ఎక్కించి, ఒక మనిషిని బస్సెక్కించేవారు. మొదటి సంవత్సరంలో అక్కయ్యగారు అలాంటి ప్రయాణాలు పదిహేడు చేశారు. పద్దెనిమిదోది తప్పించుకోవడానికే బుర్ర పెట్టానని ఆమె నవ్వుతూ అనేవారు.

అలా పుట్టినదే, నేడు మన లైబ్రరీకి పేరు తెచ్చిపెట్టిన, ప్రోగ్రాం నడిచే వేళ మార్చుకోగల అమరికల విధానం. ఆఫీసు భాషలో ఆప్షన్లు. ప్రోగ్రాం లేచీ లేవగానే నాలుగు చోట్ల వాకబు చేస్తుంది: తన పొట్టలో ఉన్న విలువ, యంత్రం మొత్తానికీ ఉన్న ఫైలు, మనిషి సొంత ఫోల్డరులో ఉన్న ఫైలు, చివరగా ప్రోగ్రాంను పిలిచేటప్పుడు టైపు చేసిన మాట. ఒకదానికొకటి పొసగకపోతే, మనిషికి ఎక్కువ దగ్గరగా ఉన్నదే నెగ్గుతుంది. “ప్రోగ్రాం రాసేది మనం. దాని ముందు కూర్చునేది మనం కాదు” అని ఆమె కొత్తగా చేరిన ప్రతివారికీ చెప్పేవారు.

నీళ్ళ పంపింగ్ స్టేషన్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. అక్కడి ఆపరేటరు తెరమీద వాల్వు కిటికీ తెరుచుకోవడం లేదని వారానికోసారి ఫోను చేసేవాడు. వెళ్ళి చూసిన ముగ్గురు కుర్ర ఇంజనీర్లూ అంతా బాగానే ఉందని రాసిచ్చి వచ్చారు. నాలుగోసారి అక్కయ్యగారు స్వయంగా వెళ్ళి, కంప్యూటరును ముట్టుకోకుండా, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆయన పక్కన ఊరికే కూర్చున్నారు. ఆయన వేళ్ళు కీళ్ళ దగ్గర వాచి ఉన్నాయి. మొదటి నొక్కుకూ రెండో నొక్కుకూ మధ్య సెకనుకు పైగా పడుతోంది. మన లైబ్రరీ అంతసేపు ఆగడం లేదు.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?” అని అడిగారట ఈమె.

“కంప్యూటరు పెట్టినప్పటి నుంచీనమ్మా. వేళ్ళు మొద్దుబారిపోయాయి. కుర్రాళ్ళు చూసి నవ్వుకుంటుంటారు.”

ఆమె తిరిగొచ్చి ఆ వ్యవధిని కూడా ఒక ఆప్షన్‌గా మార్చి, ఆయన ఫోల్డరులోని ఫైల్లో ఒకే ఒక్క పంక్తి రాయించారు. ఆయన తన తీరున నింపాదిగా నొక్కాడు. వాల్వు కిటికీ తెరుచుకుంది. “అయితే తప్పు నా చేతుల్లో లేదన్నమాట” అని ఆయన చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడని ఆమె చెప్పగా ఈ వ్యాసకర్త పదిసార్లన్నా విని ఉంటాడు. విన్న ప్రతిసారీ తలూపాడు. తల ఊపడానికీ తలకెక్కడానికీ ఉన్న దూరం అప్పటికి తెలియదు.

2007లో శిక్షణార్థిగా చేరిన ఇతన్ని సంస్థ ఆమెకు అప్పగించింది. మొదటి రోజు “మేడం” అని పిలిస్తే, “ఎవరినో పిలుస్తున్నట్టుంది. అక్కా అను, చాలు” అన్నారు. మన సంస్థలో ఎవరు ఏ మార్పు రాసినా, మరొకరు చదివి సంతకం పెడితేనే అది లైబ్రరీలోకి వెళుతుంది. ఇతని రాతలకు రెండో సంతకం ఆమెది. ఇతను రాసిన మొట్టమొదటి మార్పు తొమ్మిది పంక్తులు. అందులో ఆమె చూపిన తప్పులు పద్నాలుగు. తొమ్మిదింట్లో పద్నాలుగు ఎలా సాధ్యమని క్యాంటీన్‌లో చాలాకాలం చెప్పుకుని నవ్వారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె పెట్టే ఎర్ర గుర్తులు తగ్గుతూ వచ్చి, 2019 నుంచి ఒక్కటంటే ఒక్కటి కూడా పడలేదు. ఈ సంగతి ఇతను కొత్తగా చేరినవారికి, అడిగినా అడగకపోయినా, కాలరెగరేసి మరీ చెప్పేవాడు.

ఆప్షన్లు పుట్టించడంలోనే కాదు, తీసేయడంలో కూడా ఆమె నియమాలు నిప్పులాంటివి. ఎవరి యంత్రమో తెలియకుండా, ఎన్ని యంత్రాల్లో ఒక ఆప్షన్ వాడుకలో ఉందో లెక్క మాత్రమే తెప్పించుకోవాలి. తీసేసే ముందు ఏడాది పాటు, ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ, మొదట కనిపించే నల్ల కిటికీలో ‘ఈ ఆప్షన్ తొలగించబోతున్నాం, అవసరమైనవారు మాకు తెలపండి’ అని హెచ్చరిక పడాలి. ఆ తొలగింపు మీద రెండు సంతకాలు ఉండాలి. ఇవన్నీ పాటించాక ఎవరూ నోరెత్తకపోతే అప్పుడు తీసేయవచ్చు.

నిరుడు మన ఆప్షన్ల సంఖ్య రెండు వందల పదమూడుకు చేరింది. నూట నలభైకి దించమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఏరివేత బాధ్యత ఈ వ్యాసకర్తకు దక్కింది. ఇతను దాన్ని పండగలా చేసుకున్నాడు. మే నెలలో ఒక బుధవారం సమావేశంలో లెక్కలు చదువుతూ, నూట ఏడో నంబరు దగ్గర ఆగి, “లోకం మొత్తం మీద ఈ ఆప్షన్ వాడే మహానుభావులు ఒకే ఒక్కరున్నారు. వారికి ఒక శాలువా కప్పి, సన్మానం చేసి పంపించేద్దాం” అన్నాడు. గది గదంతా గొల్లుమంది. అక్కయ్యగారు కూడా నవ్వారు. ఇతను నంబరే చెప్పాడు గానీ పేరు చెప్పలేదు. డెబ్బై మూడు తొలగింపుల జాబితా ఆ సాయంత్రమే ఆమెకు పంపితే, మర్నాడు పదింటికల్లా సంతకమై వచ్చింది. ఏడాది పాటు హెచ్చరిక పడింది. ఎవరూ నోరెత్తలేదు. ఈ జూన్ పదహారో తేదీ, సోమవారం, కొత్త వెర్షన్ అందరి యంత్రాల్లోకీ వచ్చింది. ఇతనికి ప్రశంసాపత్రం వచ్చింది.

నూట ఏడో నంబరు అక్షరాల పెంపు. కిటికీల కొలతలు మార్చకుండా అక్షరాలను మాత్రమే పెద్దవి చేసే పాతకాలపు ఆప్షన్ అది. దానికి బదులు మొత్తం తెరను పెంచే కొత్త సదుపాయం ఉంది కదా అని ఇతని వాదన. ఆ సదుపాయంతో సగం బొత్తాలు తెర అవతలకు పోతాయన్న సంగతి ఇతను వాడి చూస్తే తెలిసేది. వాడి చూడలేదు.

ఆ జూన్ నుంచి అక్కయ్యగారు అందరికన్నా గంట ముందు రావడం మొదలుపెట్టారు. మూడేళ్ళ క్రితమే ఆమె తన సీటును, వీపు గోడకు ఆనేలా, తన తెర మరొకరికి కనపడని మూలకు మార్పించుకున్నారు. పెద్దరికం కొద్దీ ఏకాంతం కోరుకున్నారనుకున్నాం. ఒకరోజు ఈ వ్యాసకర్త అటుగా వెళ్ళేసరికి ఆమె ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి ఉన్నారు. చప్పుడుకు ఉలిక్కిపడి, చేతిలోదేదో సొరుగులోకి జారవిడిచారు.

“ఏంటక్కా, స్క్రీన్‌తో గుసగుసలాడుతున్నారు?” అన్నాడు ఇతను.

“ఈమధ్య అది మెల్లగా మాట్లాడుతోందిరా. దగ్గరికెళ్తే గానీ వినపడట్లేదు” అన్నారామె.

ఈ మాట కూడా ఇతను క్యాంటీన్‌లో చెప్పి నవ్వించాడు. సెప్టెంబరు ఒకటో తేదీన ఆమె, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే, స్వకారణాల వల్ల విరమించుకుంటానని దరఖాస్తు పెట్టారు. ఆ స్వకారణాలేమిటో ఎవరమూ అడగలేదు. మనవల కోసమేమో అని మనలో మనమే తేల్చేసుకున్నాం. ఆమెకు మనవలు లేరు.

అక్టోబరు పదిహేడో తేదీ, శుక్రవారం, ఈ వ్యాసానికి కావలసిన తేదీల కోసమూ, ఆమె పనులు అప్పగింత చేసుకోవడం కోసమూ ఇతను ఆమె అనుమతితో ఆ యంత్రం తెరిచాడు. సొంత ఫోల్డరులో అమరికల ఫైలు ఉంది. అందులో ప్రోగ్రాం కోసం రాసిన పంక్తి ఒక్కటే, అక్షరాల పెంపు. దాని పైన, ప్రోగ్రాం పట్టించుకోని వ్యాఖ్యలుగా, తేదీలు. 2015 ఫిబ్రవరి, ఒకటింబావు రెట్లు. 2018, ఒకటిన్నర. 2020, ఒకటి ముప్పావు. 2022, రెండు. 2024 జనవరి, రెండున్నర. ఆఖరుది ఈ జూన్ పదహారు. దాని ఎదుట అంకె లేదు. ‘పనిచేయడం లేదు’ అని ఉంది.

ఇతనికి తల కొట్టేసినట్టయింది. పదేళ్ళుగా ఒక మనిషి చూపు ఎంతెంత తగ్గుతూ వచ్చిందో అంతా ఆ ఆరు పంక్తుల్లో ఉంది. ఆ హెచ్చరిక ఏడాదిపాటు ప్రతి ఉదయం ఆమె కళ్ళెదుటే పడింది. పడింది ఆ నల్ల కిటికీలో, అక్షరాల పెంపు వర్తించని చోట, చీమ తలకాయలంత అక్షరాల్లో. ఆ ఒకే ఒక్క మహానుభావురాలికి శాలువా కప్పి పంపించేయడానికి ఇప్పుడు నిజంగానే సభ ఏర్పాటైంది. అభినందన వ్యాసం రాసే పని కూడా ఇతనికే పడింది.

శనివారం ఇతను డైరెక్టరుగారి ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఆయన, “ఉంటానని ఆవిడ ఒక్క ఉత్తరం ముక్క రాసిస్తే విరమణ ఆర్డరు చించేస్తాను. వెళ్ళి అడుగు” అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం అక్కయ్యగారి ఇంటికి వెళ్ళాడు. కింద వాచీలు బాగుచేసే దుకాణం, పైన ఇల్లు. దుకాణం ఆమె భర్తదే. ఆయన ఒక వాచీ పొట్ట విప్పుకుని కూర్చుని ఉన్నారు.

“రా బాబూ. మీ అక్క పైన ఉంది. ముందు నాకో సాయం చెయ్యి. నా భూతద్దం ఎప్పుడు తిరిగొస్తుందో కాస్త కనుక్కో. జూన్ నుంచీ మీ ఆఫీసులోనే ఉద్యోగం చేస్తోంది.”

ఇతను నవ్వలేకపోయాడు. “బావగారూ, అక్కకి చూపు ఎప్పటి నుంచి...?”

ఆయన పట్టకారు కింద పెట్టారు. “నీకు తెలీదా?”

“తెలీదండీ.”

“కంటి వెనక పొర జబ్బు. అద్దాలకి లొంగదన్నారు. నాకూ మూడేళ్ళు చెప్పలేదులే. ఓరోజు టీలో ఉప్పేసింది. అప్పుడు బయటపడింది.”

పైన అక్కయ్యగారు కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఇతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“అక్కా, ఆ నూట ఏడో నంబరు. తీసేసింది నేనే.”

“తెలుసు. ఆ సోమవారమే అద్దం పెట్టి చూశాను. తొలగింపు కింద నీ పేరుంది. కూర్చో.”

“పాత వెర్షనే ఉంచుకోవచ్చుగా?”

“ఆఫీసులో అందరూ కొత్తదే వాడాలని రూలు పెట్టిందెవరు? నేనే కదూ.”

“పోనీ, నాతో ఒక్క మాట అనొచ్చుగా.”

“ఏమనమంటావు? ఆప్షన్ కావాలంటే ఎందుకంటావు. ఎందుకో చెప్పాలంటే కళ్ళ సంగతి చెప్పాలి. జన్మంతా స్క్రీన్ల మీద బతికినదాన్ని, స్క్రీన్ కనపడట్లేదని ఏ మొహంతో చెప్పను? సిగ్గేసింది.”

అప్పుడు ఈ వ్యాసకర్త ఒక నీచమైన పని చేశాడు. రాయకుండా దాటేద్దామనుకున్నాడు గానీ, దాటేస్తే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. తప్పులో సగం ఆమె మీదికి నెట్టాలని చూశాడు. “కానీ అక్కా, ఆ జాబితా మీద రెండో సంతకం మీదే కదా” అన్నాడు.

ఆమె చేతిలోని తువ్వాలు మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టారు.

“చదవలేదు” అన్నారు. “మిగతా అందరివీ చదివేదాన్ని. పేజీకి గంట పట్టినా సరే, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేదాన్ని. నీవి మాత్రం 2019 నుంచి చదవకుండానే పెడుతున్నాను. నీ రాతలో తప్పుండదులే అని. ఆ గంట కాస్త కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని.”

ఆరేళ్ళుగా ఎర్ర గుర్తు పడలేదని ఊరంతా చాటుకున్న ఘనత ఇదన్నమాట. ఆమె ఇతని మీద పెట్టుకున్న నమ్మకం ఆమెకు దొరికిన ఒకే ఒక్క విశ్రాంతి. దాని మాటునే ఇతను ఆమె చూపును తీసేశాడు. సిగ్గుతో చచ్చిపోవడం అనే మాటను ఇతను చాలాసార్లు ఊరికే వాడాడు. ఇకమీదట వాడడు.

కాసేపటికి డైరెక్టరుగారి మాట చెప్పాడు. ఆప్షన్‌ను తిరిగి పెడుతూ మార్పు రాశానని, రెండేళ్ళూ ఉండిపొమ్మని బతిమాలాడు.

“ఉండను” అన్నారామె. “కోపం కాదురా. కోపమైతే జూన్‌లోనే పిలిచి నాలుగు దులిపేదాన్ని. ఎవరైనా వస్తున్నారేమోనని ఈ నాలుగు నెలలూ దొంగలా అద్దం దాచుకుంటూ కూర్చున్నాను. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేను.”

ఇతను మరొకసారి అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపారు. మూడోసారి అడగడానికి ఇతనికి హక్కున్నట్టు తోచలేదు.

“ఆ మార్పు మీద రెండో సంతకం ఎవరిది?” అన్నారు ఉన్నట్టుండి.

“ఇంకా ఎవరినీ అడగలేదు.”

“తెచ్చావా? చదువు.”

నలభై ఒక్క పంక్తులు. ఇతను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పైకి చదివాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నారు. పంతొమ్మిదో పంక్తి దగ్గర చెయ్యి ఎత్తారు.

“ఎవరైనా సున్నా అని రాస్తే?”

ఇతను ఆలోచించాడు. “అక్షరాలే కనపడవు.”

“ఆ ఆప్షన్ వాడేవాళ్ళకి కళ్ళు సరిగ్గా ఆనవు. చెయ్యి జారి సున్నా కొడతారు. తర్వాత సరిచేసుకుందామంటే ఏమీ కనపడదు. ఒకటి కంటే తగ్గనివ్వకు.”

అక్కడే సరిదిద్ది, మళ్ళీ మొదటి పంక్తి నుంచి చదివాడు. అంతా విన్నాక ఆమె సంతకం పెట్టారు. ఈ నెల ఇరవై మూడవ తేదీ నుంచి నూట ఏడో నంబరు మళ్ళీ మన లైబ్రరీలో ఉంది. హెచ్చరికలు కూడా ఇకపై నల్ల కిటికీలో కాక, మనిషి తనకు అనువుగా పెట్టుకున్న అక్షరాల్లోనే పడతాయి. అది కూడా ఆమె ఆ మధ్యాహ్నం చెప్పిన మార్పే; రాసినది మాత్రం ఇతను.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకు చదివి వినిపించడం జరిగింది. కళ్ళ సంగతి ఉండనివ్వమన్నారు. “నాలాగా మూల సీటు వెతుక్కునేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, చదివి నోరు విప్పుతారు” అన్నారు. ఇతను చేసిన పని ఉన్న పేరాలు మాత్రం తీసేయమన్నారు. సభలో ఇతని భార్యాపిల్లలు కూడా ఉంటారని గుర్తుచేశారు. తీయనన్నాడు. “అయితే దీనిమీద నేను సంతకం పెట్టను” అన్నారు.

విధినిర్వహణలో నిష్ఠకూ, సాటి మనిషి పట్ల ఆదరానికీ పెట్టింది పేరైన అక్కయ్యగారు, వాచీల బావగారి సాహచర్యంలో, ఆరోగ్యంతో, మనశ్శాంతితో, ఉన్న చూపు ఉన్నట్టుగా నిలిచి, నిండు నూరేళ్ళూ జీవించాలని మనందరి తరఫునా మనసారా కోరుకుంటూ, పద్దెనిమిదేళ్ళలో ఆమె సంతకం లేకుండా బయటికి వెళుతున్న తన మొదటి రాతను ఈ వ్యాసకర్త తల వంచుకుని ఆమెకే సమర్పించుకుంటున్నాడు.